విష్ణుక్రాంతం కోరే కరువు

వినాయక చవితి పూజలో చెప్పే 21 పత్రుల్లో విష్ణుక్రాంతం ఒకటి. మామిడి, మారేడు, జిల్లేడు, ఉత్తరేణి ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. విష్ణుక్రాంతం వంతు వచ్చేసరికి మాత్రం చాలా ఇళ్లలో నాలుగు అక్షింతలు వేసి ముందుకు సాగిపోతారు. అలాగని ఇది అరుదైన మొక్కేమీ కాదు. రాయలసీమ మెట్టల మీద, తెలంగాణ చల్క నేలల్లో, పశువులు మేసే బీళ్లలో, బండల సందుల్లో తొలకరి తర్వాత చిగురించి నేలను అంటుకుని పాకుతుంది. కాడలు దారపు పోగుల్లా సన్నం, ఆకులు గోరంత, వాటి నిండా మెత్తటి వెండి రంగు నూగు. సెంటీమీటరుకు మించని నీలి పువ్వు పొద్దున్నే విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఆ నీలం మన నేలల మీద పూసే పూలలో చాలా అరుదైన రంగు. ఇంత అందమైన మొక్క, ఎవరూ నీళ్లు పోయకుండానే రాళ్లలో బతికే మొక్క, పెరట్లోకి తెచ్చి కుండీలో పెట్టగానే కుళ్లిపోవడమో, పూయకుండా పీలగా సాగిపోవడమో జరుగుతోంది. ఎందుకని? ఈ ప్రశ్న చుట్టూ పోగుపడిన వృక్షశాస్త్రాన్ని, తోటపని జ్ఞానాన్ని, అభ్యంతరాలను ఒకచోట చేర్చి చూస్తే నాకు కనిపించే జవాబు ఒకటే. విష్ణుక్రాంతాన్ని తోటలోకి తేవాలంటే మొక్కను ఒక్కదాన్నే తెస్తే చాలదు, అది బతికే బీదనేలను కూడా తేవాలి. తోటమాలికి తెలిసిన సేవల్లో చాలావాటిని మానుకోవాలి.

అన్నిటికన్నా ముందు మొక్కను సరిగ్గా గుర్తించడం అవసరం, ఎందుకంటే పొరపాట్లలో సగం ఇక్కడే మొదలవుతాయి. విష్ణుక్రాంతానికి శాస్త్రీయ నామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. తూటికూర, చిలగడదుంపల కుటుంబానిదే అయినా దేన్నీ చుట్టుకుని పైకి ఎగబాకదు. నర్సరీల్లో ‘ఎవాల్వులస్’ అనీ, ‘బ్లూ డేజ్’ అనీ, కొన్నిచోట్ల విష్ణుక్రాంతం అనే పేరుతోనే అమ్ముతున్న గుబురు మొక్క ఇది కాదు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఎవాల్వులస్ గ్లొమెరేటస్. దాని పువ్వు దాదాపు రెండు సెంటీమీటర్లు ఉంటుంది, కొమ్మల చివర ఒత్తుగా గుత్తుగా వస్తుంది. మన విష్ణుక్రాంతం పువ్వు ఆకు పంగ నుంచి వెంట్రుకంత సన్నని తొడిమ మీద ఒంటరిగానో, రెండు మూడు కలిసో వస్తుంది. పచ్చిక బయళ్లలో గుండ్రటి ఆకులతో, తెల్లటి పూలతో, కణుపు కణుపునా వేళ్లూనుతూ పాకే మరో ఎవాల్వులస్ కూడా ఉంది, అదీ అమెరికాదే. ఇవి చాలవన్నట్టు శంఖపుష్పి అనే మందు పేరు కింద ఉత్తరాదిన కన్వాల్వులస్ జాతి మొక్కను, దక్షిణాదిన కొన్నిచోట్ల విష్ణుక్రాంతాన్ని, మరికొన్నిచోట్ల తీగ శంఖపుష్పాన్ని వాడుతున్నారు. నర్సరీ మొక్క మంచి తోట మొక్కే, దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎరువు వేస్తే ఎదుగుతుంది, నీళ్లు పోస్తే పూస్తుంది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది. దాన్ని పెంచినవాళ్లు ఆ అనుభవంతోనే అసలు విష్ణుక్రాంతాన్ని పెంచబోతే దెబ్బతింటారు. రెండిటి అవసరాలూ దాదాపు ఎదురెదురు.

ఇంతకీ విష్ణుక్రాంతం మన దేశపు మొక్కేనా? ఇది తేలిగ్గా తోసెయ్యగల ప్రశ్న కాదు. ఎవాల్వులస్ ప్రజాతిలో ఉన్న వంద దాకా జాతుల్లో ఇంచుమించు అన్నీ అమెరికా ఖండాలకు చెందినవే. విష్ణుక్రాంతం కూడా అక్కడ విరివిగా పెరుగుతుంది. వృక్షశాస్త్రవేత్త డేనియల్ ఆస్టిన్ 2008లో ప్రచురించిన వ్యాసంలో, ఇది 1500ల తర్వాత సముద్ర ప్రయాణాలతో ఇక్కడికి చేరిన అమెరికా మొక్క అని వాదించాడు. పాత సంస్కృత గ్రంథాల్లోని పేర్లు మొదట వేరే మొక్కలవై ఉండి, తర్వాత దీనికి అంటుకున్నాయన్నది ఆయన వాదనలో భాగం. ఎదుటి పక్షంలోనూ బలమైన ఆధారాలే ఉన్నాయి. 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డాంలో వెలువడిన కేరళ మొక్కల గ్రంథం ‘హోర్తుస్ మలబారికుస్’ సంపుటాల్లో ఈ మొక్క బొమ్మ విష్ణు పేరుతో కలిసిన మలయాళ నామంతోనే ఉంది. కేరళలో పవిత్రంగా ఎంచే పది మొక్కల్లో, అంటే దశపుష్పాల్లో, దీనికి స్థానం ఉంది. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీన్ని వర్ణించడానికి ఆధారమైన నమూనాలు సింహళం నుంచి వెళ్లినవి. లండన్‌లోని క్యూ ఉద్యానవనపు మొక్కల జాబితా ఈ జాతిని రెండు అర్ధగోళాల ఉష్ణ, ఉపోష్ణ మండలాల్లోనూ సహజంగా పెరిగేదిగానే లెక్కిస్తోంది.

ఈ వివాదం ఎటు తేలినా తోటమాలికి పనికొచ్చే కొలత వేరే ఉందని నా అభిప్రాయం. ఆస్టిన్ చెప్పిందే నిజమనుకున్నా, కనీసం మూడు వందల ఏళ్లుగా ఎవరి సాయమూ లేకుండా, దేన్నీ తొక్కెయ్యకుండా, దక్కను గడ్డిలో తన చిన్న చోటు తను చూసుకుని బతుకుతున్న మొక్క ఇది. మిరప కూడా ఆ రోజుల్లోనే వచ్చింది, గుంటూరులో దాన్ని పరాయిదని ఎవరూ అనరు. మరోవైపు లాంటానాను చూడండి. 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా ఉద్యానవనానికి అలంకారం కోసం తెచ్చిన పొద అది. ఇవాళ నల్లమలతో సహా దేశంలోని అడవుల్లో నేలను కమ్మేసి పశువుల మేతను, అడవి మొలకలను ఊపిరాడనివ్వడం లేదు. ఎప్పుడు వచ్చిందన్న దానికన్నా ఇక్కడి వానతో, ఇక్కడి మట్టితో, పక్కనున్న మొక్కలతో ఎలా బతుకుతోందన్నదే తోటకు సంబంధించిన ప్రశ్న. ఆ లెక్కన విష్ణుక్రాంతం ఈ నేలదే.

బీట్లో అది ఎలా బతుకుతుందో చూస్తే తోటలో ఎందుకు చస్తుందో అర్థమవుతుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. మిగతా కాలమంతా ఎండ, గాలి. విష్ణుక్రాంతం దీనికి రెండు ఏర్పాట్లు చేసుకుంది. పైన కాడలు ఎండిపోయినా నేలలో చేవదేరిన వేరుమొదలు మిగిలి, మళ్లీ వాన పడగానే దాని నుంచి కొత్త కాడలు వస్తాయి. ఆకుల మీది నూగు ఎండను కొంత తిప్పికొట్టి, తేమ ఆవిరి కావడాన్ని తగ్గిస్తుంది. ఇక వెలుతురు సంగతి. నేలబారు మొక్క కాబట్టి పక్కన గడ్డి మోకాలెత్తు పెరిగితే దీనికి ఎండ అందదు. బీళ్లలో ఆ గడ్డిని పశువులు, మేకలు, గొర్రెలు కొరికి పొట్టిగా ఉంచుతాయి. నేల బీదది కావడంతో గడ్డి కూడా అంతగా ఏపుగా రాదు. అంటే బీదనేల, నీటి ఎద్దడి, మేత, ఈ మూడూ దాని పాలిట కష్టాలు కావు. తనకన్నా బలమైన పోటీదారులను అదుపులో పెట్టే రక్షణలు.

ఈ సూత్రానికి ప్రపంచంలోనే అతి పాత సాక్ష్యం ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో ఉంది. అక్కడ పార్క్ గ్రాస్ అనే పచ్చికబయలును 1856లో మడులుగా విడగొట్టి, కొన్నిటికి ఏటా రకరకాల ఎరువులు వేస్తూ, కొన్నిటిని ఊరికే వదిలేసి నేటికీ గమనిస్తున్నారు. ఎరువు వెయ్యని మడుల్లో పూల మొక్కలూ గడ్డీ కలిసి నలభై రకాల దాకా ఉంటాయి. అమ్మోనియా రూపంలో నత్రజని ఎక్కువగా పడి, నేల ఆమ్లంగా మారిన మడుల్లో రెండు మూడు గడ్డి జాతులు తప్ప దాదాపు అన్నీ మాయమయ్యాయి. అది చలిదేశం, వేరే మొక్కలు, ఆ అంకెలను తెచ్చి మన చల్క నేలకు అంటించలేం. కానీ కారణం ఒక్కటే. బలం దొరికినప్పుడు పొడుగ్గా, వేగంగా పెరగగల మొక్కలు చిన్నవాటి వెలుతురును లాక్కుంటాయి. మన పెరటి తోటల్లో, మిద్దెతోటల్లో పేడ ఎరువు, వానపాముల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి మట్టిని మెత్తగా, తడిగా ఉంచడం మంచి అలవాటుగా స్థిరపడింది. వంకాయకు, బెండకు, బంతికి అది మంచిదే. అదే మట్టిలో విష్ణుక్రాంతం వేరు ఊపిరాడక కుళ్లుతుంది. ఒకవేళ బతికినా కాడలు సాగి పువ్వు తగ్గుతుంది, తోటకూరో తుంగో వచ్చి పైన కప్పేస్తుంది.

కాబట్టి పెంచే పద్ధతి ఇక్కడి నుంచే మొదలవ్వాలి. తెలంగాణలో మొరం అనేది, కోస్తాలో గ్రావెల్ అనేది, ఆ గులకల ఎర్రమట్టి ఒక వంతు, ముతక ఇసుక ఒక వంతు కలిపితే చాలు, ఎరువు వద్దు. కుండీ అయితే లోతు తగినంత ఉండాలి, అడుగున బెజ్జాలు తప్పనిసరి. నేలలో అయితే చుట్టూ నేల కన్నా జానెడు ఎత్తుగా కట్టి, వాన నీరు నిలవకుండా వాలు పెట్టాలి. రోజంతా కాకపోయినా కనీసం ఆరు గంటల ఎండ పడాలి. నీళ్లు పోస్తే మట్టి బాగా తడిసేలా పోసి, అది పూర్తిగా ఆరే దాకా మళ్లీ ముట్టుకోకూడదు. మొక్క నిలదొక్కుకున్నాక వానాకాలంలో అసలు పొయ్యనక్కర్లేదు. వేసవిలో కాడలు ఎండితే చచ్చిందని పీకెయ్యకూడదు, జూన్ వానల దాకా ఆగాలి. తోటపనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదేనేమో, ఎందుకంటే ఎండిన కుండీని చూస్తూ ఊరుకోవడం తోటమాలి మనసుకు నచ్చదు.

మొక్కను బీటి నుంచి తవ్వి తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. తేకూడదు, తెచ్చినా లాభం తక్కువ. పైకి చిన్నదే అయినా వేరు రాళ్ల సందుల్లోకి దిగి ఉంటుంది. తవ్వితే తెగుతుంది, తెగిన వేరుతో నాటిన మొక్క చాలాసార్లు నిలవదు. బీటిలో ఒక మొక్క పోతుంది, పెరట్లో ఒకటి రాదు. గింజలే సరైన దారి. పువ్వు రాలాక తొడిమ కిందికి వంగి చిన్న గుండ్రటి కాయ వేలాడుతుంది. అది ఎండి నాలుగు పలుకులుగా విచ్చుకుంటే లోపల గరిష్ఠంగా నాలుగు గింజలుంటాయి. చవితి దాటాక, చలి మొదలయ్యే లోపు ఇలాంటి కాయలు కొన్ని ఏరితే చాలు, ఏ మొక్క నుంచీ అన్నీ ఏరకూడదు. ఈ కుటుంబపు మొక్కల గింజలకు నీరు చొరనివ్వని గట్టి తోలు ఉంటుంది. ఒకే వానకు అన్నీ మొలిచి, తర్వాత వాన మొహం చాటేస్తే అన్నీ చావకుండా ఉండటానికి అది పనికొస్తుంది. తోటమాలికి మాత్రం అదే మొదటి అడ్డంకి. వేసిన గింజలు నెలల తరబడి మొలవక, మట్టిని పారబోసేవాళ్లు ఉంటారు. రెండు గరుకు కాగితాల మధ్య గింజలను వేసి తేలిగ్గా రుద్ది, రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవాటిని మట్టి పైపైన చల్లి పల్చగా ఇసుక కప్పితే మొలక త్వరగా వస్తుంది. కొన్నిటిని రుద్దకుండా కూడా చల్లడం మేలు, అవి వచ్చే ఏడాదికో ఆ పై ఏడాదికో లేస్తాయి.

ఇంత పట్టుదల ఎందుకు, పురుగులకూ సీతాకోకచిలుకలకూ మేలు చేయాలంటే ఏ పువ్వయినా ఒకటే కదా అనేవాళ్ల వాదనను గౌరవంగా వినాలి. వాళ్ల వైపు నిజం చాలా ఉంది. గడ్డిచేమంతి అమెరికా మొక్కే, మన సీతాకోకచిలుకలు దాని మీద ఎంత వాలతాయో అందరూ చూసిందే. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ విస్లీ ఉద్యానవనంలో నాలుగేళ్లు చేసిన ప్రయోగ ఫలితాలు 2015లో వచ్చాయి. స్థానిక మొక్కలకు తేనె పురుగులు ఎక్కువగానే వచ్చినా, పరదేశపు పూలు కాలం చివర్లో పూసి వాటికి ఆహారాన్ని పొడిగించాయని తేలింది. అయితే తేనె కథలో ఒక భాగమే. గొంగళిపురుగు తినేది ఆకు, అది ఏ ఆకు పడితే ఆ ఆకు తినదు. అమెరికాలో వాషింగ్టన్ నగరపు ఇళ్ల తోటల్లో చికడీ అనే చిన్న పిట్ట మీద జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. తోటలో పరాయి మొక్కల వాటా 30 శాతం దాటితే పిల్లలకు పెట్టే పురుగులు చాలక ఆ పిట్టల సంఖ్య నిలబడదని అందులో తేల్చారు. మన దగ్గర ఉదాహరణ కావాలంటే రత్నపురుష అనే మరో చిన్న బీటి మొక్కను తీసుకోండి. ఊదా గులాబీ రంగులో ఒకే పెద్ద రేక వేలాడే పువ్వు దానిది. నారింజ రంగు రెక్కల టానీ కోస్టర్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టే మొక్కల్లో అది ఒకటి. ఎన్ని గడ్డిచేమంతులు పూసినా ఆ పని చెయ్యలేవు.

అయినా ఇక్కడ అతిగా చెప్పకూడదు. ఒక కుండీడు విష్ణుక్రాంతం ఊరి పురుగుల లెక్కను మార్చదు. దాని పువ్వు మీదికి వచ్చేవి చిన్న తేనెటీగలు, ఈగలు, అవీ పొద్దుటి పూట కాసేపే. ఆ పూటే తుమ్మి తెల్లపూల మీద అంతకన్నా ఎక్కువ సందడి ఉంటుంది. అందుకే దీన్ని ఒంటరిగా పెంచడం కన్నా తుమ్మి, రత్నపురుష, పొట్టి గడ్డి కలిపి ఒక చిన్న మెట్టముక్కగా పెంచడం మేలని అంటాను. తుమ్మి ఏడాది మొక్క, కాస్త కదిలిన మట్టిలో గింజ పడితే లేస్తుంది. విష్ణుక్రాంతం ఏళ్ల తరబడి ఉండేది, కదపని మట్టిని కోరుతుంది. ఒక పక్క మట్టిని ఏడాదికోసారి గీకి, మరో పక్క ముట్టకుండా వదిలితే రెండూ సాగుతాయి. తెలంగాణలో చవితికి తుమ్మికూర వండుకునే ఇళ్లకు ఇది వేరే విధంగానూ అక్కరకొస్తుంది.

ఎరువు మాని, నీళ్లు మాని, ఊరికే వదిలేస్తే వచ్చేది విష్ణుక్రాంతం కాదు, వయ్యారిభామ అన్నది ఇంకో అభ్యంతరం, ఇది అన్నిటికన్నా గట్టిది. 1950లలో పుణె దగ్గర కనబడిన ఆ అమెరికా కలుపు ఇప్పుడు ఖాళీ జాగా ఉన్న ప్రతిచోటా ఉంది. దాన్ని తాకితే చర్మం మీద దద్దుర్లు లేస్తాయి, పుప్పొడికి తుమ్ములు, ఉబ్బసం వస్తాయి. కనుక సేవ మానుకోవడమంటే చూడటం మానుకోవడం కాదు. గడ్డిమందు కొట్టకూడదు, అది విష్ణుక్రాంతాన్నీ చంపుతుంది. వయ్యారిభామను పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాలి. పొడుగు గడ్డిని పశువు కొరికినట్టు ఏడాదికి రెండు మూడుసార్లు కొడవలితో పొట్టిగా కొయ్యాలి, కోసిన గడ్డిని అక్కడే వదిలితే కుళ్లి మట్టికి బలం చేరుతుంది కాబట్టి తీసెయ్యాలి. బీట్లో మేకలూ కాపరులూ చేసిన పనిని పెరట్లో మనిషి చెయ్యాల్సి వస్తుంది. పని తగ్గదు, వేరే పని అవుతుంది. చిందరవందరగా కనబడుతుందని ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు అనే మాటకు కూడా ఇందులోనే జవాబుంది. చుట్టూ రాళ్లు పేర్చి, అంచు శుభ్రంగా కోసి ఉంచితే అది కావాలని పెంచిన జాగా అని చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఇవన్నీ ఒప్పుకున్నా, బీళ్లలో బోలెడంత ఉన్నదాన్ని పెరట్లో పెంచడం ఎందుకనేవాళ్లు బీళ్ల వైపు ఒకసారి చూడాలి. ప్రభుత్వ లెక్కల్లో ఇలాంటి నేలలు చాలావరకు బంజరు పద్దులో ఉంటాయి. బంజరు అనగానే అది ఖాళీగా ఉందని, ఏదైనా నింపాలని అనుకుంటాం. నగరాల చుట్టూ వెంచర్లు, గుట్టల్లో కంకర క్వారీలు, గట్ల మీద గడ్డిమందు వాటిని తినేస్తున్నాయి. మంచి ఉద్దేశంతో చేసే పనీ ఒక్కోసారి నష్టం చేస్తుంది. తెలంగాణ 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు పెట్టుకున్న లక్ష్యం పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచడం. చెట్టు నరికిన చోట చెట్టు నాటడం తప్పనిసరి. కానీ ఎన్నడూ దట్టమైన అడవి లేని గడ్డి మెట్టలో వరసగా చెట్లు నాటితే ఆ నీడలో విష్ణుక్రాంతం బతకదు. గడ్డి మైదానాన్ని నమ్ముకున్న బట్టమేకపక్షి కోసం కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టినా ఆ పక్షి అక్కడ దాదాపు కనుమరుగైంది. గడ్డినేల పోతే పోయేవాటిలో పెద్దది కాబట్టి పక్షి లెక్కకు వచ్చింది. విష్ణుక్రాంతం లాంటివి ఏ లెక్కకూ రావు. చవితి ముందు రోజు పత్రి కోసం పట్నాలకు తెచ్చే కట్టల్లో ఈ మొక్క ఉంటే, ఆకు గిల్లి తెచ్చేంత పెద్దది కాదు కాబట్టి వేరుతో సహా లాగినదే ఉంటుంది. పండుగ భాద్రపదంలో, అంటే సరిగ్గా అది పూసి కాయలు కట్టే రోజుల్లో వస్తుంది.

పెరట్లో పెంచినంత మాత్రాన బీడు మిగలదు, ఆ భ్రమ పెట్టుకోవద్దు. పెరడు చెయ్యగలిగేవి రెండే. పూజకు కావలసిన నాలుగు ఆకులు ఇంట్లోనే దొరికితే బీటి మీది కోత అంతమేరకు తగ్గుతుంది. గింజ నుంచి మొక్క తయారుచేసే పద్ధతి నలుగురికీ తెలిస్తే, నర్సరీలు బ్రెజిల్ ఎవాల్వులస్ పక్కన అసలు విష్ణుక్రాంతాన్ని కూడా సరైన పేరుతో అమ్మడం మొదలుపెట్టవచ్చు. ఊరూరా ఉన్న పంచాయతీ నర్సరీలకు ఇది పెద్ద ఖర్చు కాదు. మొరం ఊళ్లోనే ఉంది, గింజలు గుట్ట మీదే ఉన్నాయి. వాటిని జూన్ తొలి వానకు ముందు చల్లితే ఆ ఏటి చవితికి పువ్వు చూడటం కొన్నిటి విషయంలో సాధ్యమే. మిగతావి వేరు బలపరుచుకుని మరుసటి వానాకాలానికి పూస్తాయి. గుడి ఆవరణల్లో, బడి ప్రహరీల పక్కన ఎండ బాగా పడి ఏమీ మొలవదని వదిలేసిన రాతి జాగాలను సరిగ్గా దీనికే కేటాయించవచ్చు. అక్కడ మట్టి పోయించి పచ్చిక పరిచే ముందు, ఉన్న నేల ఉన్నట్టుగా దేనికి సరిపోతుందో ఒక వానాకాలం పాటు చూడటం మంచిది.